వెచ్చని నేల ఉన్న ఇల్లు

ప్రతి సంవత్సరం ఏడో తరగతి పిల్లలకు నేను ఇచ్చే మొదటి వ్యాసం ‘మా ఇల్లు’. కొత్త ఊళ్ళో కొత్త తరగతిని తెలుసుకోవడానికి అంతకంటే సులువైన దారి నాకు దొరకలేదు. పోయిన ఏడాది ఒక అబ్బాయి లేచి నిలబడి, “టీచర్, ఏ ఇంటి గురించి రాయాలి? ఇప్పుడుంటున్న క్వార్టరా, ఇంతకుముందు ఊళ్ళో ఉన్నదా, తాతయ్య వాళ్ళదా?” అని అడిగాడు. ఎవరూ నవ్వలేదు. అందరిదీ అదే సందేహం. నాకూ వెంటనే జవాబు తట్టలేదు. ఖరగ్‌పూర్, రాయ్‌పూర్, సికింద్రాబాద్ తిరిగొచ్చిన మా సామాను పెట్టెల మీద పాత చిరునామాలు ఒకదాని కింద ఒకటి కొట్టివేసి ఉంటాయి. “నీకు ఏది ఇల్లనిపిస్తే అది రాయి” అన్నాను. వాడు తాతయ్యగారి ఇల్లు రాశాడు. రెండు పేజీల్లో ఒక పేజీ ఊరగాయ జాడీలుండే గది గురించే.

ఆ వ్యాసాలు దిద్దిన కొన్నాళ్ళకే శీతాకాలం సెలవుల్లో మేం దక్షిణ కొరియా వెళ్ళాం. మా తమ్ముడు అక్కడ సువాన్ అనే ఊళ్ళో ఉద్యోగం చేస్తున్నాడు. ప్రభుత్వోద్యోగి దేశం దాటాలంటే ముందు శాఖ నుంచి అనుమతి కాగితం రావాలని మీ ఇళ్ళలో అందరికీ తెలుసు. ఆ కాగితం కథ ఇంకోసారి చెప్తాను. వెళ్ళింది నేను, మా అమ్మ, పదేళ్ళ మా అమ్మాయి. అమ్మ శాకాహారి. అందుకని ఆవిడ పెట్టెలో సగం చీరలు, సగం కందిపొడి, ఆవకాయ.

“అపార్ట్‌మెంట్లు మన దగ్గరా ఉన్నాయి. మూడు రాత్రులు పాత కొరియా ఇంట్లో ఉందాం” అని తమ్ముడు మమ్మల్ని జొంజు తీసుకెళ్ళాడు. అది రాజధాని సోల్‌కి దక్షిణంగా, వేగంగా వెళ్ళే రైల్లో రెండు గంటల లోపు ప్రయాణం. 1392 నుంచి ఐదు వందల ఏళ్ళకు పైగా కొరియాను ఏలిన జోసొన్ రాజవంశం వారి పూర్వీకుల ఊరు. ఊరి నడిబొడ్డున ఏడు వందలకు పైగా పెంకుటిళ్ళు ఒకే పేటగా ఉన్నాయి. ఇలాంటి ఇంటిని వాళ్ళు హనోక్ అంటారు. ‘హన్’ అంటే కొరియా, ‘ఓక్’ అంటే ఇల్లు.

మేం దిగిన ఇంటి యజమానురాలు డెబ్బై దాటిన బామ్మగారు. అక్కడ బామ్మను ‘హల్మొని’ అంటారు, మా అమ్మాయికి ఆ ఒక్క మాటా మొదటి పూటే వచ్చేసింది. చెప్పులు బయట బండరాయి మీద విడిచి లోపలికి వెళ్ళబోతూ అది గడప మీద కాలు పెట్టింది. హల్మొని చెయ్యి అడ్డంగా ఊపారు. తమ్ముడు తర్జుమా చేసేలోపే మా అమ్మ నవ్వేసింది. “ఇక్కడా గడప తొక్కకూడదన్నమాట!” 

గదిలో ఏమీ లేదు. మంచం లేదు, కుర్చీ లేదు. ఒక మూల చెక్క పెట్టె, దాని మీద మడతపెట్టిన పరుపులు, ఒక పొట్టి బల్ల. తలుపులకు గాజు బదులు తెల్లటి కాగితం. నేల లేత పసుపు రంగులో మెరుస్తోంది. బయట సున్నాకు రెండు డిగ్రీలు కింద ఉంది, లోపల హీటరు ఎక్కడా కనబడలేదు. అమ్మాయి చతికిలబడి, మరుక్షణం లేచి, “అమ్మా, నేల కాలుతోంది!” అంది.

ఆ నేలే హీటరు. దాని పేరు ఓండోల్, అంటే వెచ్చని రాయి.

పాత పద్ధతిలో అది ఎలా పనిచేస్తుందో హల్మొని ఇంటి వెనక వైపు తీసుకెళ్ళి చూపించారు. వంటిల్లు గదుల కంటే రెండు మూడు అడుగుల పల్లంలో ఉంటుంది. పొయ్యి గది గోడకు ఆనుకుని ఉంటుంది. పొయ్యి మీద పెద్ద ఇనుప బాన. కింద మంట పెడితే అన్నం ఉడుకుతుంది. మన పల్లెటూళ్ళలో అయితే ఆ పొగ కళ్ళల్లోకీ, చూరులోకీ పోతుంది. ఇక్కడ పొయ్యి వెనక ఒక సొరంగం నోరు ఉంటుంది. వేడి పొగ అందులోంచి పక్క గది నేల కిందికి వెళ్తుంది. నేల కింద రాళ్ళతో కట్టిన సన్నటి కాలువలు, వాటి మీద పరిచిన బల్లపరుపు రాతిపలకలు, పలకల మీద మట్టి పూత, దాని మీద నూనె పట్టించిన మందపాటి కాగితం పొరలు. పొగ ఆ కాలువల్లో గది చివరి దాకా పాకి, ఇంటికి అవతల ఉన్న గొట్టంలోంచి బయటికి పోతుంది. గొట్టానికి ముందు ఒక లోతైన గుంట తవ్వుతారు. మసి, బూడిద అక్కడే దిగబడతాయి, బయటి చల్లగాలి కూడా వెనక్కి ఎదురు తన్నకుండా అక్కడే ఆగుతుంది.

మీరు ఏడో తరగతి సైన్సులో ఉష్ణవహనం, ఉష్ణసంవహనం, ఉష్ణవికిరణం చదువుతారు కదా. మూడూ ఒకే నేలలో ఉన్నాయి. పలక మీద కూర్చున్నవాడి కాళ్ళకు తగిలేది వహనం. నేల దగ్గర వేడెక్కిన గాలి పైకి లేచి గదంతా తిరిగేది సంవహనం. పడుకున్నవాడి వీపుకే కాదు, దుప్పటి మీద ఉన్న చేతికి కూడా తెలిసేది వికిరణం. రాయి వేడెక్కడానికి ఆలస్యం చేస్తుంది, చల్లారడానికీ ఆలస్యం చేస్తుంది. అందుకే సాయంత్రం వంటకు పెట్టిన మంట తెల్లవారుజాము దాకా గదిని కాపాడుతుంది. వంటకు వేరే కట్టెలు, చలికి వేరే కట్టెలు అక్కర్లేదు.

ఒక చిక్కు ఉంది. పొయ్యికి దగ్గరున్న వైపు బాగా వేడిగా, దూరంగా ఉన్న వైపు చల్లగా ఉండిపోవచ్చు. దానికి పొయ్యి వైపు పలకలు మందంగా, మట్టి పూత ఎక్కువగా వేసి, అవతలి వైపు పల్చగా చేస్తారు. అయినా తేడా పూర్తిగా పోదు. ఆ వెచ్చటి చోటుకు ‘అరెన్మోక్’ అని పేరే ఉంది. అది ఇంట్లో పెద్దవాళ్ళది, లేదా వచ్చిన అతిథిది. బయటి నుంచి ఆలస్యంగా వచ్చే ఇంటాయన కోసం అన్నం గిన్నెకు మూతపెట్టి, దుప్పటి కప్పి అక్కడే ఉంచేవారట. మా అమ్మ పరుపు హల్మొని స్వయంగా ఆ చోటే పరిచారు.

నిజం చెప్పాలంటే మేం పడుకున్న గది కింద మంట లేదు. వేడినీళ్ళ గొట్టాలున్నాయి. బస ఇచ్చే హనోక్‌లలో ఇప్పుడు చాలావాటిలో అంతే. పాత పొయ్యి ఒక్క గదికి మాత్రం ఆవిడ అలాగే ఉంచుకున్నారు. ఎందుకు మార్చారో తెలుసుకోవాలి. 1950ల తర్వాత కట్టెలు కరువై, అడవులు నరకడం ఆపాలని, కొరియాలో ఇళ్ళల్లో బొగ్గు దిమ్మలు కాల్చడం మొదలుపెట్టారు. నేలలో చిన్న పగులు ఉన్నా కార్బన్ మోనాక్సైడ్ గదిలోకి వచ్చేది. దానికి వాసన లేదు, రంగు లేదు. నిద్రలోనే ప్రాణాలు పోయిన కుటుంబాలు ఎన్నో. మనవాళ్ళు చలికాలంలో తలుపులు మూసిన గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకుంటారు చూడండి, అక్కడా ఇదే ప్రమాదం. ఉత్తరాదిన పోస్టింగులో ఉన్నవాళ్ళు ఈ ఒక్క వాక్యం ఇంట్లో చదివి వినిపించండి.

ఇక ఇంటి రెండో సగం వేసవిది. గదుల మధ్యలో, ముందువైపు పూర్తిగా తెరిచి ఉండే చెక్క నేల సావడి ఒకటి ఉంటుంది. దాన్ని దేచొంగ్ అంటారు. పలకల నేల భూమికి ఎత్తులో ఉంటుంది కాబట్టి కింద నుంచీ గాలి ఆడుతుంది. ముందు వాకిట్లో చెట్లు నాటరు, ఉత్త మట్టి. వెనక దొడ్లో చెట్లు. మధ్యాహ్నం వాకిలి వేడెక్కి అక్కడి గాలి పైకి లేస్తే, వెనక నీడలోని చల్లగాలి ఆ ఖాళీని నింపడానికి సావడిలోంచి ముందుకు వీస్తుంది. ఫ్యాను లేకుండా ఫ్యాను. ఉత్తరాది చలికి పుట్టిన రాతి నేల, దక్షిణాది ఉక్కకు పుట్టిన చెక్క నేల ఒకే కప్పు కింద పక్కపక్కన ఉండటమే హనోక్ ప్రత్యేకత.

చూరు ముందుకు బాగా పొడుచుకుని వచ్చి ఉంటుంది. అందం కోసమనుకున్నాను. సోల్‌లో జూన్ మూడో వారంలో మిట్టమధ్యాహ్నం సూర్యుడు దాదాపు 76 డిగ్రీల ఎత్తులో ఉంటాడు. డిసెంబరు మూడో వారంలో 29 డిగ్రీలే. చూరు పొడవు సరిగ్గా కుదిరితే ఎండాకాలం ఎండ గుమ్మం బయటే ఆగిపోతుంది, చలికాలం ఎండ గది లోపలి గోడ దాకా వస్తుంది. మా అమ్మ ఆ ఎండలో కూర్చుని జపం చేసుకుంటూ, “మన మండువా లోగిలి గుర్తొస్తోందే” అంది. గోదావరి జిల్లాల్లో మండువా ఇల్లు చూసినవాళ్ళకు ఆ మాట అర్థమవుతుంది. మనవాళ్ళు ఇంటి నడుమ కప్పు తీసేసి గాలినీ, వెలుతురునీ, వాననీ లోపలికి పిలిచారు. వీళ్ళు నిప్పును నేల కిందికి పిలిచారు.

అన్నీ బాగున్నాయని చెప్పను. పరుపు పలచన, రెండో రోజుకి నా నడుం పట్టేసింది. కాగితం తలుపుల్లోంచి పక్క గదివాళ్ళ గురక వినబడుతుంది, మన గురక వాళ్ళకూ. పేట వీధుల్లో పగలంతా అద్దె పట్టుబట్టల్లో ఫోటోలు దిగేవాళ్ళు, పుల్లకు గుచ్చిన తినుబండారాల దుకాణాలు. సాయంత్రం ఏడు దాటాకే అది ఊరులా ఉంటుంది.

పొద్దున్నే హల్మొని బల్లను రెండు చేతులతో ఎత్తి గదిలోకి తెచ్చారు. మడతపెట్టిన పరుపు మూలకు పోయింది, పడకగది భోజనాల గది అయింది. గిన్నెడు అన్నం, గిన్నెడు చారు, చుట్టూ పది చిన్న పళ్ళేలు. మొలకలు, పాలకూర, ముల్లంగి, కాల్చిన సముద్రపు నాచు రేకులు, చేప, గుడ్డు, రెండు రకాల కిమ్చీ. ఈ చిన్న పళ్ళేలను ‘బన్‌చన్’ అంటారు. అయిపోతే మళ్ళీ వేస్తారు, హోటల్లో కూడా వాటికి వేరే డబ్బు తీసుకోరు. అన్నం, చారు చెంచాతో. మిగతావి లోహపు పుల్లలతో. గిన్నె చేత్తో ఎత్తకూడదు. పెద్దవాళ్ళు చెంచా ముట్టుకునేదాకా పిల్లలు ఆగాలి. అన్నంలో చెంచా నిలబెట్టి గుచ్చకూడదు, అలా చేసేది పితృదేవతలకు పెట్టేటప్పుడే. ఈ పద్ధతులన్నీ మా అమ్మాయికి నేర్పుతుంటే దాని ముఖం చూడాలి. ఇంట్లో నేను చెప్తే వినని పిల్ల అక్కడ అమ్మమ్మ చెంచా వంక చూస్తూ కూర్చుంది.

అమ్మ మాత్రం చెంచా ముట్టలేదు. చారులో ఎండు చేపల వాసన. కిమ్చీలో ఉప్పు రొయ్యలు ఉంటాయని తమ్ముడు ముందే చెప్పాడు. కొరియాలో శాకాహారికి ఇదే తంటా, కూరగాయల వంటకం అనిపించినదాంట్లో కూడా చేప రసం ఉండొచ్చు. బౌద్ధ మఠాల భోజనం మాత్రం పూర్తి శాకాహారం, అందులో ఉల్లి, వెల్లుల్లి కూడా వేయరు. అమ్మ ఒట్టి అన్నంలో కందిపొడి కలుపుకోవడం మొదలుపెట్టింది. హల్మొని కాసేపు చూసి, తమ్ముణ్ణి ఏదో అడిగి, లేచి వెళ్ళిపోయారు. కోపం వచ్చిందేమోనని నేను కంగారుపడ్డాను. పెరట్లోంచి ఒక గాజు గిన్నెతో వచ్చారు. తెల్లటి ముల్లంగి ముక్కలు, పైన తేటనీళ్ళు, నీళ్ళలో రెండు పచ్చిమిరపకాయలు. దాని పేరు దోంగ్‌చిమి. ఇది చలికాలపు నీళ్ళ కిమ్చీ, ఉప్పునీళ్ళు తప్ప చేప, రొయ్య ఏమీ వేయలేదని ఆవిడ చేతులు ఊపి మరీ చెప్పారు. అమ్మ ఒక చెంచా తాగింది. పుల్లగా, చల్లగా, కొంచెం నాలుకను గిల్లుతూ ఉంది. రెండో గిన్నె ఆవిడే అడిగి పోయించుకుంది.

తర్వాత అమ్మ తన ఆవకాయ సీసా తీసింది. హల్మొని మూత తెరిచి ముందు వాసన చూసి, “చామ్‌గిరుమ్!” అన్నారు. అంటే నువ్వుల నూనె. కొరియా వంటిల్లు నువ్వుల నూనె లేకుండా నడవదు. తేడా ఏమిటంటే వాళ్ళు నువ్వులు వేయించి ఆడతారు, రంగు ముదురుగా, వాసన ఘాటుగా ఉంటుంది, వంట చివర రెండు చుక్కలు వేస్తారు. మనం పచ్చి నువ్వుల్నే గానుగ ఆడి జాడీ నిండా పోస్తాం. ముక్క నోట్లో పెట్టుకుని ఆవిడ కళ్ళనీళ్ళు తుడుచుకున్నారు, ఇంకో ముక్క తీసుకున్నారు.

కిమ్చీకీ ఆవకాయకీ పోలిక వెతకడం సులువు, తేడా తెలుసుకోవడం ఇంకా బాగుంటుంది. ఆవకాయను నిలబెట్టేది ఉప్పు, మామిడి పులుపు, ఆవపిండి, పైన తేలే నూనె. ఇవన్నీ కలిసి సూక్ష్మజీవుల్ని రానివ్వవు. కిమ్చీ దీనికి తలకిందులు. క్యాబేజీని రాత్రంతా ఉప్పులో ఊరబెట్టి, కడిగి, ఆకు ఆకుకూ మధ్య కారం, వెల్లుల్లి, అల్లం, ముల్లంగి కలిపిన ముద్ద పూస్తారు. ఆ ఉప్పులో చెడు చేసే సూక్ష్మజీవులు బతకలేవు, లాక్టిక్ ఆమ్లం తయారుచేసేవి మాత్రం బతుకుతాయి. మన పెరుగులో ఉండేవాటి చుట్టాలే అవి. కిమ్చీ పులుపు వాటి పని. అంటే ఆవకాయ జాడీకి కాపలా పెడతాం, కిమ్చీ జాడీకి మంచి కాపురస్థుల్ని పిలుస్తాం. మనకు ఊరగాయలు ఎండలు ముదిరే వేళ, వాళ్ళకు చలి మొదలయ్యే వేళ. నవంబరులో ఇరుగుపొరుగు, చుట్టాలు ఒకచోట చేరి వందల క్యాబేజీలకు కిమ్చీ పెట్టడాన్ని కిమ్‌జాంగ్ అంటారు. దాన్ని 2013లో యునెస్కో మానవాళి సాంస్కృతిక వారసత్వాల జాబితాలో చేర్చింది. 

ఇక ఆ ఎర్రటి కారం. మిరపకాయ కొరియాది కాదు, మనదీ కాదు. అమెరికా ఖండం నుంచి పోర్చుగీసు ఓడల మీద మన తీరానికి వచ్చింది. కొరియాకు పదహారో శతాబ్దం చివర్లో చేరింది. అంతకుముందు వాళ్ళ కిమ్చీ తెల్లగానే ఉండేది, మన వంటల్లో ఘాటు మిరియాలది. మిరపకాయ రెండు చోట్లకూ బదిలీ మీద వచ్చిన ఉద్యోగే. ఇప్పుడు అది లేని ఇల్లు రెండు చోట్లా లేదు.

మధ్యాహ్నం జొంజు బిబింబాప్ తిన్నాం. ‘బిబిం’ అంటే కలపడం, ‘బాప్’ అంటే అన్నం. ఇత్తడి గిన్నెలో అన్నం, దాని మీద రంగురంగుల కూరలు, మొలకలు, పెసర పిండితో చేసిన పసుపు రంగు జున్నులాంటి ముక్కలు, నడుమ మిరప ముద్ద. అమ్మకు మాంసం, గుడ్డు లేకుండా తెప్పించాం. తమ్ముడు చెంచాతో సున్నితంగా కలుపుతుంటే అమ్మ ఊరుకోలేక గిన్నె లాక్కుని కలిపి ఇచ్చింది. చేత్తో కలపనివ్వలేదన్న బాధ ఒక్కటే. సోల్‌లో గ్వాంగ్‌జాంగ్ బజారు చూసినప్పుడు పెసరట్టు కూడా దొరికింది. పెసరపప్పు నానబెట్టి, తిరగలిలో రుబ్బి, మందంగా నూనెలో కాలుస్తారు, పేరు బిందెత్తొక్. చాలా దుకాణాల్లో అందులో పంది మాంసం వేస్తారు, అడిగి తినాలి.

భోజనం చివర హల్మొని బానలో అడుగంటిన అన్నం మీద వేడినీళ్ళు పోసి, ఆ నీళ్ళు తాగడానికి ఇచ్చారు. మా చిన్నప్పుడు అడుగు మాడు కోసం నేనూ తమ్ముడూ కొట్టుకునేవాళ్ళం. ఈసారి వాడు నాకు వదిలేశాడు.

మాటల్లో కూడా ఒక సంగతి. బజార్లో పిల్లలు తల్లిని ‘ఒమ్మా’ అని, తండ్రిని ‘అప్పా’ అని పిలుస్తుంటే మా అమ్మాయి రెండుసార్లు వెనక్కి తిరిగింది. కొరియా వాక్యంలోనూ క్రియ మన తెలుగులో లాగే చివర వస్తుంది, ప్రత్యయాలు మాట వెనకే అతుక్కుంటాయి. హోమర్ హల్బర్ట్ అనే అమెరికన్ ఉపాధ్యాయుడు 1905లో కొరియా భాషనూ ద్రావిడ భాషలనూ పోల్చి ఒక వ్యాకరణ గ్రంథమే అచ్చువేశాడు. ఈనాటి భాషావేత్తలు ఆ చుట్టరికాన్ని ఒప్పుకోరు. పోలికలు ఉన్నంత మాత్రాన బంధువులు కారని పిల్లలకు చెప్పడానికి నేను ఈ ఉదాహరణే వాడుతున్నాను. వచ్చినవాళ్ళను ‘అన్నం తిన్నారా’ అని పలకరించడం మాత్రం ఇద్దరికీ ఒకటే.

మూడో రోజు పొద్దున్న పెరడు. ఎండ బాగా పడే చోట ఎత్తుగా అరుగు కట్టి, దాని మీద గోధుమ రంగు జాడీలు వరసగా, పెద్దవి వెనక, చిన్నవి ముందు. ఈ జాడీల మట్టికి కంటికి కనబడని రంధ్రాలుంటాయి. గాలి ఆడుతుంది, నీరు కారదు. వాటిలో ఉండేది సోయా చిక్కుళ్ళు. ఉడకబెట్టి, దంచి, ఇటుకల్లా చేసి, వరిగడ్డితో కట్టి వేలాడదీస్తారు. గడ్డిలోని సూక్ష్మజీవులు వాటిలో చేరి పులియబెడతాయి. చలి తగ్గే ముందు ఆ ఇటుకల్ని ఉప్పునీళ్ళ జాడీలో వేసి, పైన నాలుగు ఎండుమిరపకాయలు, బొగ్గుముక్కలు తేలేస్తారు. రెండు నెలలయ్యాక వడకడితే నీరు సోయా సాస్, ముద్ద ‘దెన్‌జాంగ్’. జాడీ మెడకు మిరపకాయలు, బొగ్గు గుచ్చిన గడ్డితాడు కట్టి ఉంది. దిష్టి తగలకుండా. మన గుమ్మానికి నిమ్మకాయ, మిరపకాయలు కడతాం కదా, అమ్మకు ఎవరూ వివరించక్కర్లేకపోయింది.

ఒక చిన్న జాడీని హల్మొని విడిగా చూపించారు. అందులో నల్లగా, చిక్కగా ఉన్న పాత సోయా సాస్. వాళ్ళ అత్తగారిది. ఏటా కొంచెం వాడి, కొత్తది పోసి, పాతదాన్ని అలా నిలబెడతారు, మనం పెరుగు తోడు దాచినట్టు. ఆవిడ భర్త రైల్వే ఉద్యోగి. ముప్ఫై ఏళ్ళలో ఏడు ఊళ్ళు. ప్రతి బదిలీకీ ఈ జాడీ లారీలో కాదు, ఆవిడ ఒళ్ళో ప్రయాణం చేసిందట. రెండో ఊళ్ళో మూత జారి చీరంత బట్ట పాడైందని చెప్పి పెద్దగా నవ్వారు. కూతురు సోల్‌లో పంతొమ్మిదో అంతస్తులో ఉంటుంది. ఈ జాడీ ఆ బాల్కనీలో పెట్టుకుంటుందో లేదో ఇంకా తేలలేదు. అది చెప్పేటప్పుడు ఆవిడ నవ్వలేదు.

ఈ పేట ఎలా పుట్టిందో కూడా వినండి. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో జపాన్ కొరియాను ఆక్రమించుకుంది. జొంజు కోటగోడ కూలగొట్టాక జపాను వర్తకులు ఊరి లోపలికి విస్తరించారు. ఊళ్ళోవాళ్ళు ఒక వైపు చేరి తమ పద్ధతిలోనే ఇళ్ళు కట్టుకున్నారు. అదే ఈ పేట. సోల్‌లోని బుక్చొన్ పేటది ఇంకో కథ. అక్కడ 1920, 30లలో జొంగ్ సెగ్వొన్ అనే గృహనిర్మాత పాత జమీందారీ లోగిళ్ళ స్థలాలు కొని, చిన్న ముక్కలు చేసి, మామూలు సంసారులు కొనగలిగే చిన్న హనోక్‌లు వరసలు వరసలుగా కట్టించాడు. వచ్చిన డబ్బుతో కొరియా భాషా సంఘానికి భవనం ఇచ్చాడు. బళ్ళల్లో కొరియా భాషనే ఆపేస్తున్న రోజుల్లో ఆ సంఘం నిఘంటువు తయారుచేస్తోంది. 1942లో పోలీసులు సంఘం వాళ్ళను అరెస్టు చేశారు, సెగ్వొన్‌నీ పట్టుకెళ్ళి హింసించారు. నిఘంటువు రాతప్రతి పోయింది. 1945లో స్వాతంత్ర్యం వచ్చాక అది సోల్ రైల్వే స్టేషను గోదాములో దొరికింది. 1947లో మొదటి సంపుటం వెలువడింది. తెలుగు టీచర్ని కాబట్టి ఇల్లూ వంటా చెప్పాల్సిన చోట ఇది చెప్పకుండా ఉండలేకపోయాను.

అదే బుక్చొన్‌లో ఇప్పుడు ఇంకో రకం ఇబ్బంది. ఫోటోల కోసం వచ్చే జనం కిటికీల్లోంచి తొంగిచూస్తుంటే కాపురాలు చేసేవాళ్ళు ఖాళీ చేసి పోతున్నారు. అందుకని అధికారులు కొన్ని వీధుల్లో ఉదయం 10 నుంచి సాయంత్రం 5 వరకే పర్యాటకులు తిరగాలని, కాదంటే జరిమానా అని 2025 నుంచి అమలు చేస్తున్నారు. నేనూ ఆ జనంలో ఒకదాన్నే, కాబట్టి ఎక్కువ మాట్లాడను.

కొరియావాళ్ళలో చాలామంది ఇప్పుడు ఉండేది అపార్ట్‌మెంట్లలో. మా తమ్ముడుండేదీ అలాంటిదే, బయటికి అగ్గిపెట్టెలా ఉంటుంది. కానీ చెప్పులు గుమ్మం దగ్గరే విడవాలి. నేల కింద వేడినీళ్ళ గొట్టాలు, అంటే ఓండోల్ పద్నాలుగో అంతస్తుకు ఎక్కింది. వంటింట్లో మామూలు ఫ్రిజ్ పక్కన కిమ్చీకి ప్రత్యేకంగా ఇంకో ఫ్రిజ్. పాతకాలంలో చలికాలం కిమ్చీ జాడీని నేలలో పాతేవారు, అక్కడ గడ్డకట్టదు, వేడెక్కదు. ఆ పాతిన జాడీలో ఉండే చల్లదనాన్నే ఈ యంత్రం తయారుచేస్తుంది. సోఫా ఉంది. మేం ఉన్నన్నాళ్ళూ అందరం నేల మీదే కూర్చుని సోఫాకు ఆనుకున్నాం. అమ్మ మధ్యాహ్నం నిద్ర కూడా అక్కడే, దిండు ఒక్కటే వేసుకుని.

తిరుగు ప్రయాణంలో కిమ్చీ పొట్లం ఒకటి పెట్టెలో వేసుకున్నాను. ఇల్లు చేరేసరికి అది బంతిలా ఉబ్బింది. లోపలి సూక్ష్మజీవులు దారిపొడవునా పనిచేసి కార్బన్ డయాక్సైడ్ వదిలాయి. కత్తెర పెట్టగానే వంటింటి గోడ ఎర్రబడింది. 

అమ్మకు నచ్చిన నీళ్ళ కిమ్చీ మాత్రం క్వార్టర్‌లో చేసుకోవచ్చు, అన్ని ఊళ్ళలో దొరికే సరుకే. అర కిలో తెల్ల ముల్లంగి చెక్కు తీసి వేలంత ముక్కలు కోయండి, ఒక చెంచా ఉప్పు పట్టించి అరగంట ఉంచండి. లీటరు నీళ్ళు కాచి, పూర్తిగా చల్లార్చి, 30 గ్రాముల ఉప్పు కరిగించండి. వేడినీళ్ళతో కడిగి ఆరబెట్టిన గాజు సీసాలో ముక్కలు, నాలుగు వెల్లుల్లి రెబ్బలు, అల్లం ముక్క, చీల్చిన రెండు పచ్చిమిరపకాయలు, పావు యాపిల్ వేసి, ముక్కలన్నీ మునిగేలా ఆ నీళ్ళు పోయండి. ముక్క నీటిపైకి తేలితే బూజు పడుతుంది, చిన్న గిన్నె బరువు పెట్టండి. వేసవిలో ఒక రోజు, చలికాలంలో రెండు మూడు రోజులు బయట ఉంచితే బుడగలొచ్చి పులుపు వాసన తగులుతుంది. అప్పుడు ఫ్రిజ్‌లో పెట్టండి. బూజు గానీ కుళ్ళు వాసన గానీ వస్తే పారబోయండి. కత్తిపీట పని అమ్మకో నాన్నకో వదలండి. సీసా మాత్రం పైదాకా నింపకండి, మూత గట్టిగా బిగించకండి. మా వంటింటి గోడ సంగతి చెప్పాను కదా.